వెరోన్ ఎందుకు పరిగెత్తలేదు

వెరోన్ కావాలనే గిజి మీద పంది నెత్తురు కుమ్మరించిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. తన మొగుణ్ణి కావలించుకున్నందుకట. సినిమా వాళ్ళ ముందు, పదిమందీ చూస్తుండగా, బేసినెత్తి నెత్తిన పోసిందట. రొట్టెల కొట్టు దగ్గర ఒకలా చెబుతారు, చర్చి మెట్ల మీద ఇంకోలా. కొందరి నోట్లో ఆ బేసిను కాస్తా పెరిగి పెరిగి సలసలా కాగే కొప్పెర అయింది. అదే నిజమైతే గిజి ఈపాటికి మట్టికింద ఉండాలి. సహకార సంఘం కొట్లో పెదాలకు రంగేసుకుని, పంచదార తూచేటప్పుడు వేలితో త్రాసును చిన్నగా నొక్కుతూ నిక్షేపంగా ఉంది.

నెత్తురు పడిన మాట నిజం. వెరోన్ కడుపు మండిన మాట కూడా నిజం. ఎందుకు మండిందన్నదే ఎవరికీ తెలియదు. తెలియకపోతే అడగాలి. అడగడానికి సిగ్గుపడి కథలల్లుకునే ఊరు మనది.

ముందు వెరోన్ సంగతి. కొరోష్ నది ఒడ్డున చివరి వీధిలో పుట్టింది, అదే వీధిలో నాలుగిళ్ళ అవతలికి కాపురానికి వెళ్ళింది. ఇంతే ఆవిడ చూసిన లోకం. పొడుగు మనిషి, గొంతు పెద్దది. ఆవిడ పెరట్లో నవ్వితే ఇటు పక్క మూడిళ్ళ కోళ్ళు తలెత్తుతాయి. సహకార సంఘం బాతుల ఫారంలో పని. చలికాలం వస్తే మాత్రం ఏ ఇంట్లో పందిని కోసినా వెరోన్ ఉండాల్సిందే. పేగుల్లో కూరే మాంసంలో ఉప్పు, మిరప పొడి, వెల్లుల్లి కలిపే చెయ్యి ఆవిడది. దాన్ని మించిన పని ఇంకొకటుంది: పంది గొంతు కోయగానే కింద బేసిను పట్టి, నెత్తురు చల్లారేదాకా ఆపకుండా కలిపే పని. చెయ్యి ఒక్క నిమిషం ఆగిందా, నెత్తురు గడ్డకట్టిపోతుంది. అప్పుడు పొద్దుటి పూట ఉల్లిపాయలేసి వేయించుకునే నెత్తుటి వేపుడూ లేదు, సాయంత్రం పేగుల్లో కూరుకునేదీ లేదు. అందుకే ఆ బేసిను పట్టిన ఆడదాన్ని ఎవరూ పలకరించరు కూడా. ఇంటికి నిప్పంటుకున్నా అది అయ్యాకే లేవాలి.

అంబ్రుష్ అని, ఆవిడ మొగుడు. సన్నగా, మాట తక్కువగా, సంఘంలో గుర్రబ్బండి తోలుకుంటూ ఉంటాడు. ఊళ్ళో పొట్టేలులాంటి మగవాళ్ళెందరో ఉండగా వెరోన్ ఈ పుల్లను ఏరుకుందని ఆ రోజుల్లో నవ్వారు. పెళ్ళయి ఏడాది తిరక్కుండానే యుద్ధం చివర్లో రష్యా సైనికులు పట్టుకుపోయారు అతన్ని. ఎక్కడికో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. ఉత్తరం ముక్క లేదు, కబురు లేదు. అలా నాలుగేళ్ళు.

ఆ నాలుగేళ్ళలో దెనెష్ అనేవాడు వెరోన్ పెరట్లోకి రావడం మొదలుపెట్టాడు. పీపాలు చేసేవాడు. పందిని కోయడంలో ఈ చుట్టుపక్కల అంత సాఫీ చెయ్యి లేదు. వచ్చినప్పుడల్లా అడక్కుండానే కట్టెలు కొట్టి పెట్టేవాడు. చివరికి వెరోన్ అత్తగారే అంది: "నా కొడుకు కోసం నేను ఏడుస్తానే, అది నా పని. నీకింకా వయసుంది. దెనెష్ చెడ్డవాడు కాదు."

సరిగ్గా ఆ చలికాలమే ఒక పొద్దున, పెరట్లో పందిని కోస్తున్న వేళ, అంబ్రుష్ గేటు దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

ఆ పొద్దుటిని అంబ్రుష్ లోలోపల తిప్పితిప్పి చూసుకోని రోజు లేదు. గేటు తోశాడు. మంచు. మధ్యలో దెనెష్ కత్తి తుడుచుకుంటున్నాడు, అతని కాళ్ళ దగ్గర వెరోన్ బేసిను ముందు మోకాళ్ళ మీద కూర్చుని మోచేతిదాకా ఎర్రగా ఉంది. తలెత్తి అంబ్రుష్ వంక చూసింది. తన పెళ్ళానికి తన పేరు తాను చెప్పుకోవాలా? అతను నోరు విప్పలేదు. అలాగే నిలబడ్డాడు. "లోపలికొచ్చి గేటెయ్యి, కుక్క పోతుంది," అంది వెరోన్. తర్వాత దెనెష్ వైపు తిరిగి, "ఓ గ్లాసు పాలింకా సారా పొయ్యి, చలికి నీలుక్కుపోయాడు," అంది. మళ్ళీ తల దించుకుని కలుపుతూ ఉండిపోయింది. దెనెష్ పోసిన గ్లాసు దెనెష్ చేతి నుంచే అందుకున్నాడు అంబ్రుష్. వంటింట్లోంచి తల్లి బయటికొచ్చి, చేతిలోని చెంచా జారవిడిచి, పేరు పెట్టి ఏడుస్తూ మెడకు చుట్టుకుంది. వెరోన్ అప్పుడు కూడా లేవలేదు. నెత్తురు చల్లారాకే చేతులు కడుక్కుని వచ్చి, అతని కోటు చెయ్యి పట్టుకుని, "చిక్కిపోయావు," అంది.

అంతే. ఆ తర్వాత కాపురం బాగానే సాగింది. ఇద్దరు ఆడపిల్లల్ని కన్నారు, పెళ్ళిళ్ళు చేశారు. కానీ అంబ్రుష్ గుండెలో ఒక ముల్లు మాత్రం దిగబడి ఉండిపోయింది. పరిగెత్తి రాలేదు. దెనెష్ అక్కడుండబట్టి రాలేదు. నేను చచ్చి ఉంటేనే బాగుండేదనుకుని ఉంటుంది. ఆ ముల్లు అతను ఎవరికీ చూపించలేదు, పెళ్ళానికి అసలే చూపించలేదు. ఒక్కటి మాత్రం చేశాడు: దెనెష్‌ని మళ్ళీ తన పెరట్లో కత్తి పట్టనివ్వలేదు. పందిని తానే కోస్తానన్నాడు. ఆ పనితనం చూసిన వీధి వీధంతా, "అంబ్రుష్ పంది కత్తికి చావదురా, ముసలితనానికి చస్తుంది," అని నవ్వేది. ఆ మాటలన్నీ పడ్డాడు. దెనెష్ మిల్లు వాళ్ళమ్మాయిని చేసుకుని, తాతయి, బట్టతలతో తిరుగుతున్నా సరే, అతను సైకిలు మీద పోతుంటే వెరోన్ కళ్ళు ఎటు తిరిగాయా అని అంబ్రుష్ చూసేవాడు.

ఇదిలా ఉండగా బుడాపెస్ట్ నుంచి సినిమా వాళ్ళొచ్చారు. కెలెమెన్ అని గడ్డమున్న కుర్రాడు వాళ్ళకు పెద్ద. సారా దుకాణంలో అందరికీ తలా ఒక గ్లాసు పోయించి చెప్పాడు: "మాకు నటులు వద్దు. మీరే కావాలి. మామూలు మనుషులు, మామూలు బతుకు. ఒకరోజు ఉన్నట్టుండి ఏదో జరుగుతుంది, ఇక ఏదీ నిన్నటిలా ఉండదు. అలాంటి కథ కావాలి."

"మాకన్నీ అలాంటి రోజులే బాబూ," అన్నాడు ఎవరో. "నిన్నటిలా ఉన్న రోజు ఒక్కటి దొరికితే నువ్వే మాకు చూపించు."

నవ్వులయ్యాక, ఎప్పుడూ నోరెత్తని అంబ్రుష్ నోరెత్తాడు. రెండో గ్లాసు పని అది. గేటు, మంచు, పంది, అన్నీ చెప్పాడు. చివరికొచ్చేసరికి, ఏమైందో ఏమో, జరిగింది చెప్పలేదు. జరగాల్సింది చెప్పాడు. "నన్ను చూడగానే బేసిను వదిలేసింది. నెత్తురంతా మంచు పాలు. పరిగెత్తుకొచ్చి నా మీద పడిపోయింది," అన్నాడు. కెలెమెన్ కళ్ళు మెరిశాయి.

మర్నాడు కెలెమెన్ వాళ్ళ వంటింట్లో కూర్చుని, గసగసాల రొట్టె తింటూ, కథంతా వెరోన్‌కి అప్పజెప్పాడు. ఆవిడ పిండి పిసుకుతూ విన్నది.

"ఎవరూ, వదిలేసింది?" అంది.

"మీరేనమ్మా. మీ ఆయనే చెప్పారు."

వెరోన్ మొగుడి వైపు చూసింది. అంబ్రుష్ తన టోపీలోకి చూస్తున్నాడు, అక్కడేదో పోగొట్టుకున్నట్టు. ఆవిడ కాదని బయటపెడుతుందేమోనని అతని చెవులు ఎర్రబడ్డాయి. ఆవిడ బయటపెట్టలేదు.

"ఆ వేషం మీరే వెయ్యాలి," అన్నాడు కెలెమెన్.

"నెత్తురు నేలపాలు చెయ్యడం నా వల్ల కాదు బాబూ."

"సినిమా కోసమే కదమ్మా!"

"సినిమా కోసం నాలుక కోసుకుంటారా? ఇంకెవరినైనా చూసుకో."

చూసుకున్నాడు. కొట్టు గిజి అయితే పిలవకముందే జుట్టు చుట్టించుకుని కూర్చుంది. మొగుడు పోయి చాలాకాలమైంది, చూడ్డానికి ఇంకా బాగుంటుంది, పాట పాడుతుంది. తిరిగొచ్చే మొగుడుగా మాత్రం అంబ్రుషే కావాలన్నాడు కెలెమెన్. "వయసు ఫర్వాలేదు. మా కథలో అతను చాలా ఆలస్యంగా వస్తాడు." ఎక్కడి నుంచి వస్తాడో మాత్రం సినిమాలో ఎవరూ అనకూడదట. ఊళ్ళో వాళ్ళు తలలూపారు. అది వాళ్ళకు చెప్పాల్సిన పనే లేదు. పెరడు వెరోన్ వాళ్ళదే. పంది సంఘంది. కత్తి పట్టేవాడు కూడా అసలైనవాడే ఉండాలని కెలెమెన్ దెనెష్‌ని పిలిపించాడు. వద్దనడానికి అంబ్రుష్‌కి కారణం దొరకలేదు.

ఆ పొద్దున ముందు ఖాళీ బేసినుతో చేయించారు. అంబ్రుష్ గేటు తోసుకుని వస్తాడు. గిజి తలెత్తి చూస్తుంది, బేసిను వదిలేస్తుంది, పరిగెత్తి వచ్చి మెడకు చుట్టుకుంటుంది. మొదటిసారి ఆ విసురుకి అంబ్రుష్ వెనక్కి పడబోయాడు. పెరటి గోడ వెంట నిలబడ్డ ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. రెండోసారి పడలేదు. మూడోసారి కళ్ళు మూసుకున్నాడు. తన మెడ మీద గిజి ఊపిరి వేడిగా తగులుతుంటే, ఇన్నేళ్ళుగా తనకు బాకీపడ్డ పరుగు ఇదేననిపించింది అతనికి. కళ్ళు తెరిచి, గిజి భుజం మీదుగా వంటింటి గుమ్మం వైపు చూశాడు. వెరోన్ చూస్తోంది. చూడనీ అనుకున్నాడు. ఒక్కసారి ఆవిడకీ తెలియనీ.

"ఏం వెరోనూ," అని గోడ దగ్గర్నుంచి బోర్కా పెద్దమ్మ అరిచింది, "మీ ఆయన ఇంట్లో కూడా ఇంత గట్టిగా పట్టుకుంటాడటే?"

"ఇంట్లో నడుం నొప్పి పెద్దమ్మా," అంది వెరోన్. "కెమెరా చూస్తే తగ్గుతుందని డాక్టరు చెప్పలేదు, లేకపోతే ఎప్పుడో కొనేదాన్ని."

అందరూ నవ్వారు. వెరోన్ నవ్వలేదు. అంబ్రుష్‌కి ఆ నవ్వకపోవడం తేనెలా ఉంది. కానీ తేనె గొంతు దిగేలోపే, వెరోన్ పాలింకా సీసా తీసుకుని దెనెష్ దగ్గరికి నడిచింది. చలికి చేతులు రుద్దుకుంటున్న అతనికి గ్లాసు నింపి ఇచ్చింది. దెనెష్ ఏదో అన్నాడు. ఆవిడ పెదవి కొద్దిగా కదిలింది. చాలు, అంబ్రుష్ నోరంతా మళ్ళీ చేదయిపోయింది.

అప్పుడు నిజంగానే పందిని కోశారు. దెనెష్ కత్తి ఎప్పటిలాగే సాఫీగా దిగింది. నెత్తురు బేసినులోకి బుసబుసమని పొగలు కక్కుతూ పడింది. గిజి చెయ్యి ముంచి కలపడం మొదలుపెట్టింది, రాకపోయినా బాగానే కలిపింది. కెలెమెన్ చెయ్యి ఊపాడు. అంబ్రుష్ గేటు తోశాడు. గిజి తలెత్తింది, నిండు బేసినుతోనే లేచి నిలబడింది. ఆ చూపులో ఒక్క క్షణం కూడా తడబాటు లేదు. దూరం నుంచి చూడగానే ముఖమంతా వెలిగిపోయింది. వదలడానికి వేళ్ళు సడలించింది.

వెరోన్ గుమ్మం దిగి వస్తున్నట్టు ఎవరూ గమనించలేదు. పెద్ద అంగలు వేసుకుంటూ, కెమెరా ముందు నుంచే వచ్చి, బేసిను అంచు రెండు చేతులా పట్టుకుంది. సరిగ్గా అప్పుడే గిజి వదిలేసింది. ఒకవైపే పట్టు మిగలడంతో బరువంతా ఊగి, గిజి మీదకి ఒరిగిపోయింది. గొంతు నుంచి కాలి జోళ్ళదాకా.

మొదట గిజి గొంతే లేచింది.

"ఓ తల్లీ! నీ మొగుణ్ణి నువ్వే ఉంచుకో! నాకు నా కోటు కావాలి!"

"కోటు ఉతికిస్తా," అంది వెరోన్. అడుగున మిగిలిన కొంచెం నెత్తురు చూసుకుని, పెరటి మధ్యలోనే మోకాళ్ళ మీద కూర్చుని, కలపడం మొదలుపెట్టింది. ఎవరు పిలిచినా తల ఎత్తలేదు. కెలెమెన్ జుట్టు పీక్కున్నాడు. దెనెష్ వచ్చి, "లే వెరోన్, ఇక అది పనికిరాదు," అన్నాడు. ఆవిడ లేచి లోపలికి వెళ్ళిపోయింది.

ఇదీ జరిగింది. నెత్తిన పోయడం, తిట్టడం, జుట్టు పట్టుకోవడం ఏవీ లేవు. ఆ సాయంత్రమే చన్నీళ్ళలో ఉప్పేసి కోటు ఉతికి, మడత పెట్టి తీసుకెళ్ళి ఇచ్చింది వెరోన్. "నా మీద కోపమా వదినా?" అని గిజి అడిగితే, "నీ మీద ఎందుకే, చాలా బాగా చేశావు," అందట. గిజి ఆ మాట కొట్టుకి వచ్చిన వాళ్ళందరికీ చెప్పింది, ఎవరూ నమ్మలేదు. నమ్మితే మజా ఏముంది?

మర్నాడు నెత్తురు బదులు బీట్‌రూట్ రసం పోసి మిగతా సినిమా తీశారు. వెరోన్ ఇంట్లోంచి బయటికి రాలేదు. సినిమా వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆ తర్వాత ఇంట్లో మాట తగ్గింది. అంబ్రుష్‌కి మొదట్లో గర్వంగానే ఉండేది. తన కోసం ఒక ఆడది మండిపడిందంటే చిన్న సంగతా? కానీ వసంతం వచ్చి, వేసవి గడిచే సరికి ఆ గర్వం పుల్లబడింది. ఈర్ష్యే అయితే తిట్టాలి, పళ్ళేలు విసరాలి, వెరోన్ అలాంటి మనిషే. ఈవిడేమో సూపు గిన్నె ముందు పెట్టి పక్కకు తిరిగి కూర్చుంటోంది. అతను చూడనప్పుడు అతని ముఖం వంక చూస్తోంది, చదవడం రాని మనిషి కాగితం వంక చూసినట్టు. మరి దెనెష్ ముందు పరువు పోయిందనా ఈ మౌనం? పాత ముల్లు మళ్ళీ కలుక్కుమంది. అడగాలనుకుంటాడు, గుర్రాల దగ్గరికి వెళ్ళిపోతాడు. అడిగాక వచ్చే జవాబుతో మిగిలిన బతుకంతా బతకాలి కదా అని భయం.

శరదృతువులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఊరి కళాభవనంలో సినిమా వేశారు. కుర్చీలు చాలక కిటికీల్లో కూడా కూర్చున్నారు. తమ కోళ్ళు కనబడితే కోళ్ళకు, కుక్క కనబడితే కుక్కకు చప్పట్లు కొట్టారు. గేటు తెరుచుకుంది. తెర నిండా అంబ్రుష్ ముఖం. ఆ తర్వాత గిజి ముఖం: చూడగానే, ఆ దూరం నుంచే, వెలిగిపోయిన ముఖం. బేసిను పడింది. పరుగు. హాల్లో ముసలాడవాళ్ళు కూడా, బీట్‌రూట్ రసమని తెలిసీ, ముక్కులు చీదుకున్నారు.

అంబ్రుష్ పక్కకు తిరిగి చూసేసరికి వెరోన్ కుర్చీ ఖాళీ.

ఇంటికి వచ్చేసరికి ఆవిడ పెరట్లో ఉంది. ఆదివారం వేసుకునే నల్ల గౌనుతోనే బాతులకు మొక్కజొన్నలు చల్లుతోంది. అంబ్రుష్ కంచెకు ఆనుకున్నాడు. ఊపిరి ఇంకా అందలేదు, దారంతా ఆపకుండా నడిచాడు.

"దెనెష్ గురించా?" అన్నాడు.

"ఏంటి దెనెష్ గురించి?"

"ఆ రోజు. నేనొచ్చిన రోజు. వాడక్కడున్నాడని..."

వెరోన్ చేతిలోని గింజలు అలాగే ఉండిపోయాయి. తర్వాత నవ్వింది, ఎన్నాళ్ళకో, పక్కింటి కోళ్ళు తలెత్తేలా.

"దెనెషా! ఓరి దేవుడా! ఇన్నేళ్ళూ ఆ బట్టతల వాణ్ణి నెత్తిన పెట్టుకు తిరుగుతున్నావా? కట్టెలు కొట్టినందుకు రెండు పూటలు అన్నం పెట్టాను, అంతే. తిని గుర్రు పెట్టేవాడు."

"నవ్వకు."

"నవ్వను, చెప్పు."

"నాకు ఒకటే చెప్పు. ఏదైనా సరే, నేను తట్టుకుంటాను," అన్నాడు అంబ్రుష్. "నన్ను చూసి ఎందుకు పరిగెత్తుకు రాలేదు?"

వెరోన్ నవ్వు ఆగిపోయింది. మిగిలిన గింజలన్నీ ఒక్కసారే నేల మీద వదిలేసి, చేతులు గౌనుకు తుడుచుకుంది.

"నువ్వెవరో నాకు తెలియలేదు," అంది. "గుండు, వాచిన ముఖం, ఆ చింకి కోటు. ఎవరో బిచ్చగాడనుకున్నా. పందిని కోసే రోజు గేటు దగ్గరికొచ్చిన వాణ్ణి ఊరికే పంపకూడదు కదా, అందుకని గ్లాసు పొయ్యమన్నా. అత్తయ్య బయటికొచ్చి నీ పేరు పెట్టి ఏడిస్తే అప్పుడు తెలిసింది. ఇక తల ఎలా ఎత్తను? ఎత్తితే నా ముఖంలో నీకు కనబడిపోతుంది, కట్టుకున్నదే నిన్ను గుర్తుపట్టలేదని. రోజూ నీ కోసం దేవుడికి మొక్కినదాన్ని, ఎదురుగా నిలబడితే పోల్చుకోలేకపోయాను. ఆ గిజి చూడు, ఏమీ కానిది, గేటు దగ్గర్నుంచే పట్టేసింది నిన్ను. అది నేను చూడలేకపోయాను, అంబ్రుష్."